ఏకాదశి నాడు పులిహోర

ఈసారి కాస్త కంప్యూటరు సంగతి రాస్తున్నాను. కంప్యూటరు తెలియనివాళ్ళు కూడా చదవచ్చు, ఎందుకంటే కథ మొదలయ్యేది వంటింట్లో. నేను బొంబాయిలో ఇంగ్లీషు మీడియంలో చదివాను. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, కానీ రాయడం అరవై దాటాకే మొదలుపెట్టాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

మస్కట్‌లో ఉద్యోగం అయిపోయాక ఇక్కడే మా అబ్బాయి దగ్గర ఉంటూ గుడిలో ప్రసాదం దగ్గర సేవ చేస్తున్నాను. మాకు తెలిసినవాళ్ళలో 41 మంది ఏకాదశి ఉపవాసం ఉంటారు. ఆ రోజు వాళ్ళకి అన్నం, పప్పు తగలని ఫలహారం కావాలి. పళ్ళు, పాలు, ఉడికించిన చిలగడదుంపలు. వంట మొదలుకాక ముందే వంటవాళ్ళకి ఆ కబురు వెళ్ళాలి. అందుకోసం నేనే ఒక ప్రోగ్రామ్ రాశాను.

దానికి డ్రూల్స్ అనే రూల్ ఇంజన్ వాడాను. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో ఇలాంటివి వాడతారు. "ఇలా ఉంటే అలా చెయ్యి" అనే నియమాలను అసలు ప్రోగ్రామ్‌లో కలపకుండా విడిగా రాసుకుంటాం. నా నియమం చాలా చిన్నది. ఈయన ఏకాదశి ఉపవాసం ఉంటారు, ఇవాళ ఏకాదశి, అయితే ఫలహారం కబురు పంపు. "ఇవాళ ఏకాదశా?" అనే షరతు కోసం నేనే ఒక ఫంక్షన్ రాసి ఆ నియమంలో పెట్టాను. అవుననో కాదనో చెప్పడమే దాని పని.

కొన్ని నెలలు బాగానే నడిచింది. గత చలికాలంలో ఒక గురువారం పులిహోర పంచుతున్నాను. ఎనభై ఏళ్ళ మామ్మగారు ఒకావిడ నా ముందుకి వచ్చి వేళ్ళ మీద లెక్కపెట్టారు.

"ఇవాళ ఏకాదశి కదా, నాయనా?"

నేను ఫోన్ చూశాను. కబురేమీ లేదు.

"కాదండీ మామ్మగారూ. అయితే ఈపాటికి కబురు వచ్చేది."

ఆవిడ మళ్ళీ ఒకసారి వేళ్ళు చూసుకున్నారు. "నేనే లెక్క తప్పానేమో" అని దొన్నె అందుకున్నారు.

సాయంత్రం పంచాంగం తీస్తే ఏకాదశే. చాలామంది ఇంట్లో కేలండర్ చూసుకుని జాగ్రత్తపడ్డారు. మామ్మగారు మాత్రం తన లెక్క వదిలేసి నా మాట నమ్మారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. "తప్పు నాదండీ. మీ లెక్కే సరైనది."

ఆవిడ కోప్పడలేదు. "నేను రోజూ పొద్దున్నే అమావాస్య దగ్గర్నుంచి మళ్ళీ లెక్కపెట్టుకుంటాను, నాయనా. నిన్నటి లెక్కకి ఒకటి కలపను. అలా కలిపితే ఎక్కడో తప్పుతుంది" అన్నారు. అప్పుడు ఆ మాట నాకు సరిగ్గా ఎక్కలేదు.

ఇంటికొచ్చి వెతకడం మొదలుపెట్టాను. ముందు ఫంక్షన్‌ను ఒక్కదాన్నే పిలిచి చూశాను. ఏకాదశి తేదీ ఇస్తే అవునంది, దశమి తేదీ ఇస్తే కాదంది. లెక్కలో తప్పులేదు. తర్వాత ప్రోగ్రామ్ ఆపి మళ్ళీ నడిపాను. కంప్యూటరు తేదీ ఏకాదశికి మార్చి చూస్తే కబురు చక్కగా వెళ్ళింది! నేను పరీక్షించినప్పుడల్లా పనిచేస్తుంది, నేను చూడనప్పుడు పనిచేయదు. ఇలాంటి తప్పు పట్టుకోవడం చాలా కష్టం.

చివరికి ఫంక్షన్ లోపల ఒక వరుస చేర్చాను. తనను పిలిచినప్పుడల్లా "నన్ను పిలిచారు" అని రాస్తుంది. ప్రోగ్రామ్ మొదలవగానే 41 వరుసలు వచ్చాయి. మనిషికి ఒకటి. తర్వాత నిశ్శబ్దం. అర్ధరాత్రి దాటింది, తెల్లారింది, మళ్ళీ ఒక్కసారి కూడా పిలవలేదు.

అప్పుడు అర్థమైంది. ఇలాంటి ఇంజన్లకి మూలం రీటీ అనే పద్ధతి. చార్లెస్ ఫోర్జీ అనే ఆయన 1970లలో కనిపెట్టారు. లాటిన్‌లో ఆ మాటకి వల అని అర్థం. ఒక షరతుకి ఒకసారి జవాబు వస్తే ఇంజన్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తనకిచ్చిన సమాచారం మారిందని మనం చెబితేనే మళ్ళీ అడుగుతుంది. దాని వేగానికి కారణం అదే. నా 41 మంది వివరాలు మారలేదు. మారింది రోజు. ఆ రోజును నా ఫంక్షన్ ఇంజన్‌కి తెలియకుండా లోపల్నించి గడియారం చూసి తెలుసుకుంటోంది. ప్రోగ్రామ్ మొదలైంది నవమి నాడు. ఆ రోజు వచ్చిన "కాదు" అనే జవాబునే ఏకాదశి నాడు కూడా ఇంజన్ పట్టుకుని కూర్చుంది. పరీక్ష కోసం నేను ప్రోగ్రామ్ ఆపి మొదలుపెట్టినప్పుడల్లా కొత్తగా అడిగేది, అందుకే సరిగ్గా చెప్పేది.

మామ్మగారి మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ రోజూ మొదట్నించి లెక్కపెడతారు. నా ఇంజన్ పాత జవాబు మీద బతుకుతోంది.

ఇలాంటిది నేను ఇంతకుముందు కూడా చూశాను. ఒమన్‌లో వారాంతపు సెలవులు గురు, శుక్రవారాలుగా ఉండేవి. 2013 మే 1 నుంచి శుక్ర, శనివారాలయ్యాయి. మా ఆఫీసులో "ఇవాళ సెలవా?" అనే ఫంక్షన్ లోపల పాత రోజులు రాసి ఉన్నాయి. నియమాలు ఎన్నిసార్లు చదివినా తప్పు కనిపించలేదు, ఎందుకంటే తప్పు నియమంలో లేదు.

అందుకని ఈసారి ఒక కాగితం మీద రాసుకున్నాను: ఈ ఫంక్షన్ నేను ఇచ్చినవి కాక ఇంకేం చూస్తోంది? ఒకటి గడియారం. రెండోది చూసి ఉలిక్కిపడ్డాను. సూర్యోదయం. అది విజయవాడది! మామూలుగా సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకి అదే తిథి. (వైష్ణవుల ఏకాదశి లెక్క ఇంకా సూక్ష్మం, దాని జోలికి పోను.) విజయవాడకీ మస్కట్‌కీ సుమారు 22 డిగ్రీల రేఖాంశం తేడా. డిగ్రీకి 4 నిమిషాలు, అంటే దాదాపు 88 నిమిషాలు. ఈ మధ్యలో తిథి మారితే అక్కడి ఏకాదశి, ఇక్కడి ఏకాదశి వేర్వేరు రోజుల్లో పడవచ్చు. ఆ గురువారం ఈ తేడా రాలేదు కానీ, ఎప్పుడో ఒకరోజు వచ్చేదే.

బాగుచేయడం సులువే. తేదీని, ఊరిని ఇంజన్‌కి విడి సమాచారంగా ఇచ్చాను. ఫంక్షన్ ఇక గడియారం చూడదు, ఇచ్చినదానితోనే లెక్క కడుతుంది. రోజు మారగానే ప్రోగ్రామ్ "తేదీ మారింది" అని ఇంజన్‌కి చెబుతుంది. అప్పుడు ఇంజన్ 41 మందికీ మళ్ళీ అడుగుతుంది.

ఇక నాకు నచ్చిన మాట. మన ఇంటర్ లెక్కల పుస్తకాల్లో ఫంక్షన్‌ని "ప్రమేయం" అంటారట. నాకు ఆ మాట వేరే అర్థంలోనే తెలుసు. "నా ప్రమేయం లేదు" అంటే ఆ విషయంలో నేను కలగజేసుకోలేదని. నా ప్రమేయానికి తనకు చెప్పని విషయాల్లో కూడా ప్రమేయం ఉంది. జబ్బు అదే.

ఇప్పుడు ఏకాదశి కబురు సరిగ్గానే వస్తోంది. అయినా వంట మొదలయ్యే ముందు మామ్మగారికి ఫోన్ చేసి అడుగుతాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టే దాకా లైన్‌లోనే ఉంటాను.

మీ ఇళ్ళలో తిథులు ఎవరు లెక్కపెడతారు? ఎలా లెక్కపెడతారో అడిగి, తెలుగులోనే రాయండి.