ఆకలియు జొన్నరొట్టెయు

మెదకు మహాదేవాలయమును చూడని విద్యార్థి మన పాఠశాలలో నరుదు. దాని యెత్తైన గోపురమును, రంగుటద్దముల కిటికీలను ఏటేట పిల్లలకు జూపి తీసికొని వత్తుము. అయితే 1914 మొదలు 1924 వఱకు జరిగిన యా నిర్మాణము కఱవుకాలపు పని యని చెప్పుట తఱచుగా మఱతుము. తిండిలేక వచ్చిన పల్లెజనులకు పోస్నెట్టు దొరగారు పని కల్పించి, దానికి మాఱుగా నాహార మొసంగిరి. మా ముత్తాత యా రాళ్లు మోసినవారిలో నొకడని మా యింట చెప్పుకొనుట కలదు. మా కుటుంబమున కా గోపురము మొదట కూడు, పిమ్మట గుడి.

ఆకలిగొన్నవానికి కూడు పెట్టుట యొకటి, మఱల నాకలి రాకుండ జూచుట మఱియొకటి. ఈ రెండవదానికై పలు దేశములు కూడి 1945వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన కెనడాలోని క్వెబెకు నగరమున ఆహార వ్యవసాయ సంస్థను నెలకొల్పినవి. అప్పటికి రెండేండ్ల క్రిందటనే వంగదేశమున లక్షలకొలది ప్రజలు క్షామమునకు బలియైరి. అచ్చట సహాయకార్యములు నడిపిన బినయ రంజన సేనుగారే 1956లో నా సంస్థకు అధిపతియై, 1960లో ఆకలినుండి విముక్తి యను ఉద్యమమును లోకమంతట నారంభించిరి. కఱవును కన్నులార చూచినవాడు గనుక ఆయనకు కాగితములపై నమ్మకము తక్కువయై యుండునని మా యూహ. 2030 నాటికి ఆకలి లేని లోకము కావలెనని ఐక్యరాజ్యసమితి 2015లో సంకల్పించినది. అయినను 2024వ సంవత్సరమున సుమారు 67 కోట్ల 30 లక్షలమంది ఆకలితో నుండిరని ఆ సమితి సంస్థల నివేదిక చెప్పుచున్నది. అంకె పెద్దదైనకొలది మనసునకు తగులదు. కావున మా కన్నులయెదుట జరిగిన యొక చిన్నసంగతిని చెప్పెదము. అది మాకు గౌరవము తెచ్చునది కాదు.

2018వ సంవత్సరమున ఎనిమిదవ తరగతి బాలు డొకడు మధ్యాహ్నవేళ డబ్బా తెఱచెను. అందు జొన్నరొట్టెయు, పచ్చిమిరపకాయల కారమును ఉండెను. ప్రక్కవారు నలుగురు నవ్విరి. అటుగా పోవుచున్న మేమును నవ్వితిమి. అది ద్వేషముతో నవ్విన నవ్వు కాదు. అలవాటు చొప్పున వచ్చినది. ఆ మఱునాటినుండి యా బాలుడు భోజనవేళ కనబడకుండెను. పదునైదు దినముల తరువాత మా కావలివాడు వచ్చి, ఆ పిల్లవాడు దినదినమును తన రొట్టెను ద్వారముకడ కుక్కలకు వేసి పస్తుండుచున్నాడని చెప్పెను. లోకమున నాకలికి క్షామము, యుద్ధము, దారిద్ర్యము కారణములని పాఠము చెప్పునట్టి మేము, ఒక పిల్లవాని యాకలికి మా నవ్వే కారణమైనదని యానాడు తెలిసికొంటిమి.

ఆ సిగ్గు మాకు క్రొత్తది కాదు. మా తల్లి చేసిన రొట్టెను చొక్కాక్రింద దాచుకొని బడికి పోయినవారము మేము. మా పల్లెలో వరియన్నము పూర్వము పండుగనాటి వంట. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము నిచ్చుట మొదలిడగా, మా తల్లి మొదటి సంచిని దేవుని వాక్యము చదువుకొను గూటిక్రింద నుంచి ప్రార్థన చేసెనట. ఆ బియ్యమును మేము నిందింపజాలము. అది యెన్ని యిండ్లలో పొయ్యి వెలిగించినదో మాకు తెలియును. ఆ బియ్యము వెనుక ఎందఱి శ్రమయో కలదు. 1966లో ఫిలిప్పీన్సునుండి వెలువడిన ఐ.ఆర్. 8 వరిని మఱుసటి యేడే పండించి పేరొందిన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారి వంటివారి శ్రమయు అందున్నది. అయితే బియ్యముతోబాటు ఒక తలంపుకూడ మా యిండ్లలో ప్రవేశించెను: తెల్లని యన్నము తినువాడు మర్యాదస్థుడు, జొన్న తినువాడు బీదవాడు. చెఱువునీరు లేని మా యెఱ్ఱనేలలలో కొన్ని బీళ్లయ్యెను, కొన్ని ప్రత్తికి పోయెను. ఆ గలిలయ కొండపై ప్రభువు చేతికి వచ్చిన రొట్టెలు గోధుమరొట్టెలు కావు, యవలరొట్టెలు, బీదల తిండి. ఇది యెన్నియో మారులు బోధించియు మే మాలోచింపలేదు.

క్షమాపణ వేడుటకై ఆ బాలుని యింటికి పోతిమి. జహీరాబాదు చేరువలోని పల్లె యది. వాని నాయనమ్మ పస్తాపూరునందలి దక్కను డెవలప్‌మెంటు సొసైటీవారి మహిళాసంఘములో సభ్యురాలు. మేము వచ్చిన పని విని యామె నవ్వి, "గంతమాత్రానికి గింత దూరమొచ్చినవా సారూ, కూసో, తిను" అని రొట్టె పెట్టెను. పిమ్మట లోనికి తీసికొనిపోయి, పేడతో నలికిన వెదురుబుట్టలను చూపెను. బూడిదయు వేపాకును కలిపిన విత్తనములు: పచ్చజొన్న, కొఱ్ఱ, సామ, కంది, అనుములు. ఒక యెకరమున పదునైదింటికి తక్కువ కాకుండ విత్తుదురట. ఒకటి యెండిన నొకటి నిలుచును, కంది నేలకు సారము నిచ్చును, జొన్నచొప్ప యెడ్లకు. కిలో బియ్యమునకు వేలకొలది లీటర్ల నీరు కావలసియుండగా, జొన్న వానతోడనే సరిపెట్టుకొనును. నూఱు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదని, తెల్లబియ్యమున నది మిక్కిలి స్వల్పమని మేము బడిలో చెప్పుదుము. ఆమె యా మాట యెఱుగకయే మనుమని పెంచినది.

పటాన్‌చెరువున 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాటు సంస్థవారు జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ మున్నగువాని విత్తనరకములను లక్షకు పైగా శీతలగదులలో భద్రపఱచియున్నారు. వానికి మాఱు ప్రతులు నార్వేదేశపు స్వాల్బార్డు మంచుకొండలో కలవు. అది గొప్పకార్యమే. కాని యేటేట నేలలో పడి, వానను చూచి, ఇంట వండబడు విత్తనము వేఱు. ఆ సంఘస్త్రీలు సంక్రాంతినాడు ఎడ్లబండ్లపై విత్తనముల నెక్కించి పల్లెపల్లెకు సాగించు పాతపంటల జాతరను మన విద్యార్థు లొక్కసారి చూడవలెను. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి శాఖ వారికి ఈక్వేటరు బహుమాన మిచ్చినది.

భారతదేశపు ప్రతిపాదనపై 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా జరిపినది. ఆ సొసైటీకి మూలస్తంభమైన పి.వి. సతీశుగారు ఆ యేటనే మార్చి నెలలో దివంగతులైరి. మేమును బడిలో బల్లపై చిరుధాన్యపు వంటలు పేర్చి ఛాయాచిత్రములు తీయించితిమి. పట్టణపు దుకాణములో కొఱ్ఱలధర సన్నబియ్యమును మించియుండుట విని నాయనమ్మ పడిపడి నవ్వెను.

ఆ యేటి కోతపండుగకు ఆమె మన గుడికి పచ్చజొన్నకంకుల కట్టను కానుకగా తెచ్చెను. వేలములో మేము 300 రూపాయలవఱకు పాడితిమి. వెనుకనుండి యొకరు 500 అనిరి. పోగొట్టుకొంటిమని చింతించుచు బయటికి రాగా, ఆమె కొంగున ముడిచిన నాలుగు కంకులను తీసి మా చేతిలో బెట్టి, "తినకు సారూ, ఇత్తు" అనెను. ఇప్పుడవి పాఠశాల వెనుకతోటలో రెండు వరుసలుగా నున్నవి. పిట్టలు సగము తినిపోవుచున్నవి.