ఆకుపచ్చ డబ్బా

హైదరాబాదులో 2015లో ఇంటింటికీ రెండేసి చెత్తడబ్బాలు పంచిన సంగతి మిత్రులకు జ్ఞాపకముండే ఉంటుంది. ఆకుపచ్చది తడిచెత్తకు, నీలిది పొడిచెత్తకు. "తాతయ్యా, పొడిచెత్త అంటే పొడి చేసిన చెత్తా?" అని మా మనుమడు ఆనాడు నన్ను ఇరకాటంలో పెట్టాడు. పొడియైన చెత్త, విశేషణ పూర్వపద కర్మధారయం అని విగ్రహవాక్యం చెప్పి తప్పించుకున్నాను. పండితుల వల్ల లోకానికి కలిగే మేలు ఇంతే కదా!

ఆ ఆకుపచ్చ డబ్బాలో చెత్త పడనే లేదు. మూతతో ముచ్చటగా ఉన్నదని మా ఇంటావిడ దానిలో కందిపప్పు పోసింది. నీలిది స్నానాలగదిలో నీళ్ళకు కుదిరింది. చెత్త మాత్రం యథాప్రకారం ఒకే సంచిలోకి. తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకరమైన వస్తువులు మూడుగా వేరుచేసి ఇవ్వాలని 2016లో కేంద్రప్రభుత్వం నియమాలు తెచ్చింది. పత్రికలో చదివాను, ఆ పత్రికనూ అదే సంచిలో వేశాను.

ఒకనాడు పగిలిన గాజుగ్లాసు పెంకులను కూరగాయల తొక్కలలో పడవేశాను. ఉదయం ఆటోతో వచ్చిన ఆమె ప్లాస్టిక్ సీసాల కోసం సంచిలో చేయి పెట్టింది. అరచేయి తెగింది. పసుపు, పాతగుడ్డ పట్టుకొని పరుగెత్తాను. "కాయితంల సుట్టి పక్కకు పెడితే సాలు సారూ" అన్నది, కోపం లేకుండా. మూడేళ్ళుగా మా గుమ్మం ముందుకు వస్తున్న మనిషి; పేరు ఆనాడే అడిగాను.

కందిపప్పు ఆ సాయంత్రమే వేరే డబ్బాలోకి మారింది.

మా ఊళ్ళో చిన్ననాడు ప్రతి ఇంటి పెరట్లో పెంటకుప్ప ఉండేది. పేడ, బూడిద, ఆకూ అలమూ అన్నీ అందులోనే. తొలకరికి ముందు బండ్లకెత్తి పొలానికి తోలేవారు. ఆ జ్ఞాపకంతో పాతకుండకు చిల్లులు పొడిచి తొక్కలు, ఎండుటాకులు పొరలు పొరలుగా వేశాను. మొదటి నెల భరించరాని కంపు. తడి ఎక్కువై గాలి ఆడకపోవడమే కారణం. ఎండుటాకులు హెచ్చించి, వారానికోసారి కలియబెట్టితే తగ్గింది. రెండు నెలలు దాటాక నల్లని ఎరువు దిగింది. ఇపుడు కరివేపాకు చెట్టుకు అదే ఆహారం.

నగరం చెత్త చేరే జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల విద్యుత్కేంద్రం మొదలైంది. చెత్తను మండించి కరెంటు తీస్తారు. మంచిదే. అయితే తడితో కలిసినది సరిగా మండదు, తడిసిన కాగితం మళ్ళీ కాగితం కాదు. యంత్రం ఎంత గొప్పదైనా పని మా వంటింటి గట్టు దగ్గరే మొదలవ్వాలి.

మిగిలిపోయిన వంటకాలను మాత్రం ఆకుపచ్చ డబ్బాలోనే ఇస్తున్నాము. అప్పుడప్పుడు ఆమె మూత తీసి, "ఇయ్యాల పాలకవరు పడ్డది సారూ" అని దానిని నా చేతికే ఇస్తుంది. తప్పులు దిద్దిన పుస్తకం అందుకునే పిల్లవాడిలా అందుకుంటాను.