కుక్క తిండికి కిలో ధర కాదు, రోజు ఖర్చు చూడండి

కుక్క తిండి కొనబోయినప్పుడు మనమంతా కిలో ఎంత అని అడుగుతాం. అడగవలసింది రోజుకెంత అని. ఎందుకంటే బరువు ఒకటే అయినా అన్ని తిళ్ళలోనూ బలం ఒకటి కాదు.

మా ఇంట్లో పది కిలోల నాటుకుక్క ఉంది. నెల రోజులు దాని తిండి తూచి పద్దు రాశాను. ఎదిగిన ఇలాంటి కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు కావాలి.

ఎండు గుళికల్లో నీరు పదో వంతే. కిలోకు 3,500 కేలరీలుంటే 170 గ్రాములు చాలు. కిలో 300 రూపాయలైతే రోజుకు 51 రూపాయలు. గ్రేవీ పొట్లంలో ముప్పాతిక వంతు పైగా నీరే. వంద గ్రాముల పొట్లానికి 80 కేలరీలనుకుంటే ఏడెనిమిది పొట్లాలు కావాలి. ఒక్కొక్కటి 40 రూపాయలైతే దాదాపు మూడు వందలు!

ఇక ఇంటి వంట. వంద గ్రాముల బియ్యం, అంతే ఎముకలేని కోడిమాంసం, ఒక గుడ్డు, చెంచా నూనె, కాస్త కారెట్. గ్యాసుతో కలిపి మా పద్దులో 50 రూపాయలు తేలింది. గుళికల ఖర్చే! పైగా ఇందులో కాల్షియం చాలదు. పశువైద్యుణ్ణి అడిగి మందు కలపాలి. ఆ ఖర్చూ పద్దులో వేయండి.

"పెరుగన్నమైతే పదిహేను రూపాయల్లో పోతుంది కదా?" అంటారు. కడుపు నిండుతుంది, నిజమే. కాని మాంసకృత్తులు, ఖనిజ లవణాలు చాలక కండ తగ్గుతుంది, బొచ్చు రాలుతుంది. కూనలకైతే కాల్షియం లోపంతో కాళ్ళు వంకరపోతాయి. ఇవాళ మిగిలిన డబ్బు రేపు మందులకు పోతుంది.

మిగిలిన సాంబారన్నం ఉచితమేనని పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ఉడికిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

లెక్క సులువే. మీ కుక్క బరువుకు రోజుకెన్ని గ్రాములో పొట్లం మీద చూసి, కిలో ధరతో గుణించి, వెయ్యితో భాగించండి. తిండి మార్చదలిస్తే పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజుల్లో మార్చండి. నెలకొకసారి కుక్క బరువు చూడండి. నిమిరితే పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కొట్టొచ్చినట్టు కనపడకూడదు. అప్పుడే మీరు పెట్టే తిండి, దాని ఖర్చు రెండూ సరిపోయినట్లు.