యాప్‌కు దారి తెలుసు, మన కాగితాలు తెలియవు

షార్జా, దుబాయ్, అజ్మాన్‌లో ఉండే మనోళ్ళు ఈ మధ్య మమ్మల్ని అడుగుతున్న మాట ఒకటే. "అన్నా, బండ్ల మీద దూరం పోతుంటరు గదా, దారికి ఏ యాప్ పెట్టుకుంటరు? జీపీఎస్ డబ్బా కొనాల్నా, ఫోన్ చాలదా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి రాస్తున్నాం. కొంచెం పొడుగైతది, డ్యూటీ అయినంక తీరిగ్గా చదువుకోండి.

మా రూమ్‌లో బండి నడిపేది నలుగురం. ఇద్దరిది డెలివరీ, ఒకరిది ఏసీ పని, ఒకరిది గోడౌన్. అందరం జగిత్యాల, కోరుట్ల, ఆర్మూర్ వైపు వాళ్ళమే. డెలివరీ బండి కంపెనీది, సెలవు రోజు దాన్ని ముట్టుకోం. మేము తిరిగేది సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు బండ్ల మీద. నలుగురికీ ఒకే రోజు సెలవు దొరికేది నెలకు ఒకసారి. దొరికితే తెల్లారకముందే బయలుదేరి కొండల వైపు పోతాం. హత్తా, ఖోర్ ఫక్కాన్, జెబెల్ జైస్, అంతే మా లోకం.

"పని రోజంతా బండి మీదనే ఉంటరు, సెలవు నాడు కూడా బండేనా?" అని నవ్వేవాళ్ళున్నారు. నిజమే. కానీ పని రోజుల్లో బండిని నడిపేది మేము కాదు, ఫోన్‌లో ఆ కంపెనీ యాప్. అది ఎటు తిప్పితే అటు తిరగాలి, ఎన్ని నిమిషాలంటే అన్ని నిమిషాల్లో చేరాలి. నెలకు ఒక్కరోజు మేము గీసుకున్న గీత మీద మేము పోతాం. అందుకే ఆ గీత ఎట్లా గీయాలన్నది మాకు చిన్న విషయం కాదు.

ముందుగా ఒక సంగతి. "నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు" అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. జీపీఎస్ సిగ్నల్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు అవి. కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే ఫోన్ మనమున్న చోటు లెక్క కట్టుకుంటుంది. దానికి ప్యాకేజీ అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. నెట్ కావలసింది మ్యాప్ బొమ్మ దించుకోవడానికి, దారి లెక్క కట్టడానికి. ఆ రెండూ ముందే ఫోన్‌లో ఉంటే కొండల మధ్య టవర్ లేకపోయినా దారి తప్పం. కాబట్టి యాప్ ఎంచుకునేటప్పుడు మా మొదటి ప్రశ్న: ఇది నెట్ లేకుండా మ్యాప్ చూపించడమే కాదు, దారి కూడా చెప్తుందా?

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. ఇది సరిహద్దు సంగతి.

హత్తా దుబాయ్ ఎమిరేట్‌దే. కానీ దుబాయ్ నుంచి హత్తాకు నేరుగా పోయే ఈ-44 రోడ్డు, అల్ మదామ్ దాటాక కొంత దూరం ఒమన్ నేల మీదుగా పోతుంది. జీసీసీ దేశాల పౌరులు కాని మనలాంటి వాళ్ళను ఆ చెక్‌పోస్టు దగ్గర వెనక్కి పంపుతారు. మనం మ్లీహా వైపు తిరిగి, షార్జా-కల్బా రోడ్డు పట్టుకుని, హువైలాత్, మునాయి మీదుగా చుట్టు తిరిగి పోవాలి. దారి వెతికే సాఫ్ట్‌వేర్‌కు దగ్గరి దారే మంచి దారి. మన చేతిలో ఉన్నది ఏ పాస్‌పోర్టో దానికి తెలియదు, మన ఇన్సూరెన్స్ కాగితం మీద ఒమన్ అని రాసుందో లేదో అసలే తెలియదు.

మా పక్క క్యాంపులో ఉండే ఒక తమ్ముడు ఇట్లాగే ఫోన్ చెప్పిన దారిన పోయాడు. చెక్‌పోస్టు దగ్గర పోలీసు మర్యాదగానే వెనక్కి తిప్పాడట. అప్పటికే పొద్దు గుంకుతోంది, ట్యాంకులో పెట్రోలు అడుగుకు వచ్చింది. చీకట్లో వెనక్కి వచ్చి, పంపు దొరికేదాకా ప్రాణం చేతిలో పెట్టుకుని నడిపాడు. రాత్రి పదకొండింటికి రూమ్‌కు చేరి, మరుసటి రోజు డ్యూటీకి లేవలేక ఒక రోజు జీతం పోగొట్టుకున్నాడు.

దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. ఖోర్ ఫక్కాన్, ఫుజైరా మధ్యలో మద్హా అని ఒక ఊరుంది. చుట్టూ ఎమిరేట్స్, లోపల ఒమన్. ఆ మద్హా లోపల మళ్ళీ నహ్వా అని షార్జాకు చెందిన చిన్న పల్లె. అక్కడ గేటు లేదు, చెక్‌పోస్టు లేదు. ఫోన్‌లో ఒమన్ నెట్‌వర్క్ పేరు కనబడినప్పుడే మనం గీత దాటామని తెలుస్తుంది. డేటా రోమింగ్ ఆపకపోతే బిల్లు మోత. అక్కడ ఏదైనా యాక్సిడెంట్ అయితే అది వేరే దేశపు కేసు, మన ఇన్సూరెన్స్ అక్కడ చెల్లుతుందో లేదో అన్నది పెద్ద ప్రశ్న. ఆపేవాడు లేడని దారి మనదై పోదు.

అందుకే ఏ యాప్‌లో గీత గీసినా, మ్యాప్‌ను పెద్దది చేసి సరిహద్దు గీతను మేము వేలితో వెంబడిస్తాం. ఓస్మ్‌ఆండ్ లాంటి యాప్‌లో సరిహద్దులు దాటకుండా చూడమని చెప్పే ఏర్పాటు కూడా ఉంది. అది పెట్టుకున్నా సరే, కళ్ళతో చూడటం మానం.

ఇక మూడో ప్రశ్న. ఇంట్లో కూర్చుని గీసిన దారి, బండి మీద అదే దారిగా వస్తుందా?

ఇది అర్థం కావాలంటే జీపీఎక్స్ అనే ఫైల్ గురించి తెలియాలి. ఒక యాప్‌లో గీసిన దారిని ఇంకో యాప్‌లోకో, జీపీఎస్ డబ్బాలోకో పంపేది ఈ ఫైలే. ఇందులో దారి రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి రూట్, ఇంకొకటి ట్రాక్. మన ముగ్గుతో పోల్చుకోండి. రూట్ అంటే చుక్కలు మాత్రమే పెట్టి ఇచ్చిన ముగ్గు. కలిపేది ఆ డబ్బా. దాని మ్యాప్ వేరు, దాని లెక్క వేరు కాబట్టి మనం అనుకున్నట్టే కలుపుతుందన్న నమ్మకం లేదు. ట్రాక్ అంటే గీతలన్నీ కలిపేసిన ముగ్గు. దాన్ని మార్చే పని లేదు, దాని మీదుగా పోవడమే.

హత్తా దారికి రూట్ పంపితే, చుక్కలు తక్కువైన చోట డబ్బా తనకు నచ్చినట్టు కలిపి మళ్ళీ ఈ-44 ఎక్కించవచ్చు. మేము రెండూ పంపుకుంటాం. మలుపులు నోటితో చెప్పడానికి రూట్, సరైన దారి ఏదో కళ్ళకు కనబడటానికి కింద ట్రాక్. రెండు గీతలు విడిపోయిన చోట ట్రాక్ మాటే వింటాం.

చుక్క పెట్టేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. ఇక్కడి హైవేల మీద చుక్కను అవతలి వైపు రోడ్డు మీద పెడితే, కిలోమీటర్ల కొద్దీ ముందుకు పోయి యూటర్న్ తీసుకుని ఆ చుక్కను తాకి రమ్మంటుంది. కూడలి మధ్యలో పెట్టొద్దు, కూడలి దాటిన తర్వాత మనం పోయే వైపు పెట్టాలి. గార్మిన్ డబ్బాల్లో చుక్కలు మళ్ళీ రెండు రకాలు. ఆగి తీరాల్సిన చుక్క ఒకటి, దారిని అటు వంచడానికి మాత్రమే పెట్టే చుక్క ఇంకొకటి. పెట్రోలు పంపు మొదటి రకం. మ్లీహా, మునాయి రెండో రకం. ఈ తేడా పట్టించుకోకపోతే, దాటిపోయిన చుక్క దగ్గరికి వెనక్కి రమ్మని దారి పొడుగునా పోరు పెడుతుంది.

ఇప్పుడు పేర్లు చెప్తాం. ఎవరికి ఏది పనికొస్తుందో మీరే తేల్చుకోండి.

గూగుల్ మ్యాప్స్ అందరి దగ్గరా ఉంది, తెలుగులో దారి చెప్తుంది, ట్రాఫిక్ చూపిస్తుంది. ఊళ్ళో పనికి అదే మేలు. కానీ మధ్యలో పెట్టుకునే చోట్లకు పరిమితి ఉంది. జీపీఎక్స్ ఫైల్‌ను నేరుగా తీసుకోదు. గూగుల్‌దే మై మ్యాప్స్‌లో ఫైల్ తెరిచి చూసుకోవచ్చు గానీ, ఆ గీత మీద మలుపు మలుపుకూ చెప్పదు.

కుర్విగర్, కాలిమోటో రెండూ జర్మనీ వాళ్ళవి. బైకర్ల కోసమే చేసినవి. వంకర రోడ్లు వెతికి పెట్టడం వీటి పని. అక్కడి వాళ్ళకు హైవే విసుగు, మలుపులు సంబరం. మా రూమ్‌లో చిన్నోడికి కూడా అదే సంబరం. కానీ 150 సీసీ బండి మీద ఇద్దరు కూర్చుని, వంకర కోసం జనం లేని రోడ్డు ఎక్కితే పంక్చర్ వేసేవాడు కూడా దొరకడు. అందుకని కుర్విగర్‌లో వంకరను తక్కువలో పెట్టి, మట్టి రోడ్లు వద్దని గుర్తు పెట్టి, వచ్చిన గీతను జీపీఎక్స్‌గా దించుకుంటాం.

మైరూట్‌యాప్ నెదర్లాండ్స్ వాళ్ళది. ఒకే దారిని రెండు మూడు కంపెనీల మ్యాప్‌ల మీద పెట్టి పోల్చి చూపించడం దీని గొప్ప. గీతలు ఎక్కడ విడిపోతున్నాయో అక్కడే మోసం ఉందని అర్థం. కాకపోతే పూర్తిగా వాడాలంటే డబ్బులు కట్టాలి.

గార్మిన్ బేస్‌క్యాంప్ ఉచితం, కానీ కంప్యూటర్ కావాలి. మన రూముల్లో ల్యాప్‌టాప్ ఎంతమందికి ఉంటది?

ఓస్మ్‌ఆండ్, ఆర్గానిక్ మ్యాప్స్ రెండూ నెట్ లేకుండా నడుస్తాయి. ఇవి వాడేది జనం కలిసి తయారు చేసిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఓస్మ్‌ఆండ్ జీపీఎక్స్ ట్రాక్ మీదనే నడిపిస్తుంది. మెనూలు ఎక్కువ, మొదట్లో తల తిరుగుతుంది. ఒక ఆదివారం కూర్చుంటే వస్తుంది.

చందా దగ్గర మా రూమ్‌లో పెద్ద పంచాయితీ అయింది. ఒకరు "ఏడాదికి ఒకసారి కట్టుకుందాం, నలుగురికీ పంచుకుంటే ఎంత" అన్నారు. ఇంకొకరు "ఆ పైసలు ఇంటికి పంపితే పిల్ల బస్సు ఫీజుకు వస్తయి" అన్నారు. ఇద్దరి మాటా నిజమే. చివరికి ఇట్లా తేల్చుకున్నాం: గీయడానికి కుర్విగర్, నడవడానికి ఓస్మ్‌ఆండ్, పోయే ముందు పెట్రోలు పంపులు తెరిచి ఉన్నాయో లేదో చూడటానికి గూగుల్. దేనికీ చందా కట్టలేదు. మిగిలిన డబ్బుతో కొత్త టైరు వేశాం.

జీపీఎస్ డబ్బా సంగతి. ఎండే అసలు శత్రువు. ఆపిల్ వాళ్ళు తమ ఫోన్‌ను 35 డిగ్రీల లోపు వేడిలో వాడమంటారు. ఇక్కడ ఎండాకాలం 45 దాటుతుంది. హ్యాండిల్ మీద ఫోన్ కాగి నల్లబడిపోతే దారి చూపేది ఎవరు? ఇంజిన్ అదురుకు ఐఫోన్ కెమెరా పాడయ్యే ప్రమాదం ఉందని కూడా ఆ కంపెనీయే 2021లో చెప్పింది. బండి కోసం చేసిన డబ్బా ఎండకు, దుమ్ముకు, గ్లౌజులు వేసుకున్న చేతికి తట్టుకుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే మాత్రం లోపల ఏ దేశం మ్యాప్ ఉందో ముందు చూడండి. యూరప్ మ్యాప్‌తో వచ్చిన డబ్బా ఇక్కడ ఖాళీ పలక. గార్మిన్ అయితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌తో చేసిన ఉచిత మ్యాప్‌ను మెమరీ కార్డులో వేసుకోవచ్చు. డబ్బా కొనే స్థోమత లేకపోతే పాత ఫోన్ ఒకటి సిమ్ లేకుండా దారికి పెట్టుకుని, మంచి ఫోన్ జేబులో ఉంచుకోండి. మేము చేసేది ఇదే.

నడుస్తున్న బండి మీద ఫోన్ ముట్టొద్దు. చేతిలో పట్టుకుంటే 800 దిర్హాంలు, నాలుగు బ్లాక్ పాయింట్లు. దారి మార్చాలంటే బండి పక్కకు ఆపండి. షార్జా నుంచి ఖోర్ ఫక్కాన్ పోయే కొత్త రోడ్డు మీద టన్నెళ్ళున్నాయి, లోపల జీపీఎస్ అందదు. టన్నెల్ దాటాక మొదటి మలుపు ఏదో ముందే మనసులో పెట్టుకోవాలి.

వాన పడితే వాదీల జోలికి పోవద్దు. మ్యాప్ మీద వాదీలో దారి గీసి ఉంటుంది, యాప్ కూడా అటు పొమ్మంటుంది. నీళ్ళు ఎప్పుడు వస్తాయో దానికి తెలియదు. 2023 నుంచి వరద నీరున్న వాదీలోకి దిగితే 2,000 దిర్హాంల జరిమానా, 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి సీజ్. 24 పాయింట్లకు లైసెన్స్ పోతుంది. అంటే ఇంకొక్క పాయింట్ దూరం. డెలివరీ వాడికి లైసెన్స్ పోయిందంటే ఉద్యోగం పోయినట్టే, ఉద్యోగం పోతే వీసా. ఊళ్ళో ఇంటి అప్పు అంతా ఆ చిన్న కార్డు మీదనే నిలబడి ఉంది.

ఇన్ని చెప్పినా ఒక ఏర్పాటు లేకుండా మేము బయలుదేరం. రూమ్‌లో ఉండిపోయిన వాళ్ళలో ఒకరికి జీపీఎక్స్ ఫైల్ పంపుతాం, వాట్సాప్‌లో ఎనిమిది గంటల లైవ్ లొకేషన్ పెడతాం. టవర్ లేని చోట అది ఆగిపోతుంది, అందుకే ఏ చోటికి ఎన్నింటికి చేరతామో కాగితం మీద రాసి గోడకు అంటిస్తాం. అనుకున్న టైమ్‌కు గంట దాటినా ఫోన్ రాకపోతే ఆయన 999కు ఫోన్ చేసి మా దారి చెప్తాడు. మనం ఎక్కడున్నామో అక్షాంశ రేఖాంశాల అంకెలు చదివి చెప్పడం కూడా అందరం నేర్చుకున్నాం.

ఏ యాప్ మంచిదని అడిగేవాళ్ళకు మా జవాబు ఇదే. నెట్ లేకుండా నడిపేది, సరిహద్దు చూపేది, గీసిన గీతను గీసినట్టే బండి దాకా తెచ్చేది. ఈ మూడూ ఉంటే పేరు ఏదైనా ఒకటే. మిగిలిన లెక్క, అంటే పాస్‌పోర్టు, ముల్కియా, ఇన్సూరెన్స్, ట్యాంకులో పెట్రోలు, ఇంటి దగ్గర మన ఫోన్ కోసం చూసేవాళ్ళు, ఇవన్నీ గీసేవాడి తలలో ఉండాలి.

హత్తా చుట్టు దారి ట్రాక్ ఫైల్ మా దగ్గర ఉంది. కావాలన్నవాళ్ళకు పంపుతాం. కానీ తీసుకున్నాక మీరు కూడా ఒకసారి వేలితో వెంబడించి చూసుకోండి. మేము గీశామని నమ్మి పోవద్దు.