ఒక్క సెమిస్టర్ ముందున్నా చాలు

మా ఇంట్లో ఇంజనీరింగ్ దాకా వచ్చింది నేనే మొదట. డౌటొస్తే అడగడానికి అన్నయ్యా లేడు, బాబాయీ లేడు. అందుకేనేమో, పర్డ్యూ యూనివర్సిటీ సంగతి చదివాక మనసులో ఉండిపోయింది. అక్కడ నల్లజాతి విద్యార్థులు చాలామంది ఫస్టియర్‌లోనే చదువు వదిలేసి వెళ్లిపోతుంటే, 1971లో వాళ్లలోనే ఇద్దరు కుర్రాళ్లు కొత్తవాళ్లని నిలబెట్టడానికి ఓ సంఘం పెట్టారు. తర్వాత ఆరుగురు పూనుకుని దేశంలోని మిగతా ఇంజనీరింగ్ కాలేజీలకు ఉత్తరాలు రాశారు. 1975లో అదే నేషనల్ సొసైటీ ఆఫ్ బ్లాక్ ఇంజనీర్స్ అయింది.

వాళ్లు ఎదుర్కొన్న వర్ణవివక్షతో నా ఇబ్బందిని పోల్చను. కానీ ఒకటి అర్థమైంది. డిగ్రీ చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒక్క సెమిస్టర్ ముందున్నా, వెనకున్నవాడికి చెయ్యి అందించొచ్చు. ఈసారి ఫ్రెషర్స్‌కి నా ఎమ్-వన్ నోట్స్ ఇస్తా. పక్కన కూర్చుని చెబుతా కూడా.