అవ్వతో ఓడ ప్రయాణం

గత వేసవి సెలవుల్లో మేము ఇంటిల్లిపాదీ ఓడ ఎక్కినాము. బడి తెరిచినాక ఈ మాట చెప్తే మా తరగతిలో ఎవరూ నమ్మలేదు. "కన్యాకుమారిలో వివేకానంద పారకు పోయే బోటే కదా?" అని నవ్వినారు. అది కాదు. పాస్‌పోర్ట్ చేతిలో పట్టుకొని, నాగపట్నంలో ఓడ ఎక్కి, శ్రీలంకలో దిగినాము. మా వంశంలో చూసి రావడానికని సముద్రం దాటినది మేమే మొదలు. కూలి కోసం దాటినవాళ్ళు ముందే ఉన్నారు. ఈ ప్రయాణం వాళ్ళ వల్లనే వచ్చింది.

మాది కోవిల్‌పట్టి పక్కన పల్లె. నాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మిషను నడుపుతాడు. అమ్మ కడలమిఠాయి పొట్లాలు కట్టే పనికి పోతుంది. అవ్వ, అంటే నాయనకు అమ్మ, మాతోనే ఉంటుంది. అవ్వ పుట్టింది శ్రీలంకలో, హట్టన్ దగ్గర ఒక టీ తోటలో. అప్పుడు ఆ దేశాన్ని సిలోన్ అనేవాళ్ళు. అవ్వ వాళ్ళ తాత మన నల్లరేగడిలో వానల్లేక కంగాణి వెంట పోయినాడంట. ఇంట్లో తెలుగు, తోటలో తమిళం. అక్కడి లెక్కల్లో అందరినీ ఇండియా తమిళులు అని రాసుకున్నారు.

1964లో శాస్త్రిగారు, సిరిమావో బండారనాయకే ఒక ఒప్పందం చేసుకున్నారు. తోటల్లో ఉన్నవాళ్ళలో 5,25,000 మందిని ఇండియా తీసుకోవాలి, 3,00,000 మందికి సిలోన్ పౌరసత్వం ఇవ్వాలి. మా సాంఘికశాస్త్రం సార్‌ను అడిగితే ఈ అంకెలు చెప్పినారు. మా ఇంట్లో ఈ లెక్క ఎట్లా పడిందంటే, అవ్వకు ఇండియా వచ్చింది, అవ్వ అక్కకు సిలోన్ వచ్చింది. పెద్దవ్వకు అప్పటికే పెండ్లి అయింది. మగని తట్టువాళ్ళు అక్కడి పౌరసత్వానికి రాసిపెట్టుకొని ఉన్నారు. 1976లో అవ్వకు 12 ఏండ్లు. తలైమన్నార్ దాకా రైలు, అక్కడినుంచి రామేశ్వరానికి 'రామానుజం' అనే ఓడ, ఆ మీద మండపం క్యాంపు. పెద్దవ్వ రైలుస్టేషన్ దాకా వచ్చిందంట. "మళ్ళీ నెల వస్తానే" అని అవ్వ చెప్పిందంట. ఆ నెల రావడానికి 49 ఏండ్లు పట్టింది.

1977లో అక్కడ గొడవలు జరిగినప్పుడు తోటలు వదిలి చానామంది వవునియా, కిళినొచ్చి వైపు పోయినారు. పెద్దవ్వ వాళ్ళు కిళినొచ్చి పోయినారు. జాబులు కొన్నాళ్ళు వచ్చినాయి. తరవాత యుద్ధం. రామేశ్వరం ఓడ కూడా ఆగిపోయింది. బతికి ఉండారో లేదో కూడా తెలియదు.

విరుదునగర్‌లో మా మామ ఉన్నాడు, అమ్మకు తమ్ముడు. అక్కడి పప్పుల మండీలో లెక్కలు రాస్తాడు. రాత్రి పూట ఫోను చూసే అలవాటు. (ఆ అలవాటుకు అమ్మ రోజూ తిట్టేది. ఇప్పుడు తిట్టదు.) పాత తోటలవాళ్ళ ఫేస్‌బుక్ గుంపులో ఎవరో పిల్లవాడు వాళ్ళ అవ్వ ఫొటో పెట్టి, "ఈమె చెల్లెలు కోవిల్‌పట్టి వైపు ఉండాలి" అని తమిళంలో రాసినాడు. మామ ఆదివారం బస్సెక్కి వచ్చి ఫొటో చూపించినాడు. అవ్వ ఫోను చేతిలోకి తీసుకొని, "ముక్కు మా అమ్మది" అనింది, అంతే. ఆ పొద్దు కూడు తినలేదు.

వీడియో కాల్‌లో ఇద్దరూ ఏడ్చినారే గాని మాటలు లేవు. పది కాల్స్ అయినాక అవ్వ చెప్పింది, "ఫోన్లో చాలదు. పోయి చూడాల." నాయన డబ్బుకు ఏం చేసేది అన్నాడు. అవ్వ నూరుదినాల పని కూలి పోస్టాఫీసులో వేసుకుంటా వచ్చింది, తన చావు ఖర్చుకని. ఆ పుస్తకం తెచ్చి నాయన ముందర పెట్టి, "బతికుండంగానే ఖర్చు పెట్టండిరా" అనింది. చాలని దానికి మామ వేసినాడు.

నాగపట్నం నుంచి కాంకేశన్‌తురైకి 2023 అక్టోబర్ 14న ఓడ మొదలుపెట్టి, వానాకాలం వచ్చిందని కొన్ని రోజులకే ఆపేసినారు. మళ్ళీ 2024 ఆగస్టు 16న 'శివగంగై' అనే ఓడతో మొదలైంది. మామ ఇవన్నీ పేపర్ కటింగులు పెట్టుకున్నాడు. పాస్‌పోర్ట్ దగ్గర మాత్రం అవ్వ చిక్కుకుంది. పుట్టిన ఊరు సిలోన్ అంటే, "మరి మీరు ఇండియా ఎట్లా అవుతారు?" అని ఒక ఆఫీసులో అడిగినారు. అవ్వ ఏం మాట్లాడకుండా పెట్టె తీసి, మండపం క్యాంపులో ఇచ్చిన ఫ్యామిలీ కార్డు చూపించింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. అందులో వాళ్ళ అమ్మా నాయనల పేర్ల కింద 12 ఏండ్ల అవ్వ పేరు ఉంది. రెండుసార్లు తిరిగినాక పని అయింది.

మే నెలలో బయలుదేరినాము. మామ ముందురోజు తమ్మునికి మధ్యధరా సముద్రంలో తిరిగే ఓడల వీడియో చూపించినాడు. బార్సిలోనాలో ఎక్కితే ఇటలీ, గ్రీసు అన్నీ చుట్టి వస్తాయి. అంతస్తుల మీద అంతస్తులు, పైన ఈతకొలను. తమ్ముడు ఈత నిక్కరు పెట్టుకున్నాడు. మదురై, తంజావూరు మీదుగా రాత్రంతా బస్సు. పొద్దున మా ఓడ చూస్తే లోపల మంచి ఏసీ బస్సు మాదిరి వరుసగా కుర్చీలు. సుమారు 150 మంది పడతారు. తమ్ముడు మొహం చూడాల! నిక్కరు సంచిలోంచి బయటికే రాలేదు.

ఓడ మొదట ఏట్లో మెల్లగా పోయింది. రెండు పక్కలా చేపల పడవలు. సముద్రంలోకి వచ్చినాక ఊగడం మొదలైంది. అమ్మ నిమ్మకాయ వాసన చూస్తా కండ్లు మూసుకుంది. నాయన రెండుసార్లు కవరు అడిగినాడు. నాకూ కడుపులో తిప్పింది, కానీ కిటికీ దగ్గరినుంచి లేవబుద్ధి కాలేదు. నీళ్ళు గోధుమ రంగు నుంచి పచ్చగా, పచ్చ నుంచి నల్లంటి నీలంగా మారినాయి. అవ్వ ఒక్కతే కదలకుండా కూర్చుంది. "భయం లేదా అవ్వా?" అన్నాను. "అప్పుడు మా అమ్మ కొంగు కప్పి పడుకోబెట్టేసింది. నేను సముద్రం చూడనేలేదు" అనింది. నాలుగు గంటలూ చూస్తానే ఉంది.

కాంకేశన్‌తురైలో దిగినాము. యుద్ధంలో మూతపడిన పాత సిమెంటు ఫ్యాక్టరీ దగ్గరే ఉంది. తనిఖీలు అయి బయటికి వస్తే గేటు దగ్గర జనం. అవ్వ ఒక ముసలామెను దాటుకొని ముందుకు పోయింది. వెనకనుంచి, "ఒసే చిట్టీ!" అని వినిపించింది. మాకెవరికీ తెలియని పేరు అది. అవ్వ నిలిచిపోయింది. ఆ తరవాతది నేను రాయలేను.

యాళ్పాణంలో నల్లూరు గుడి దగ్గర మూడు రోజులు ఉన్నాము. 1981లో తగలబెడితే మళ్ళీ కట్టిన గ్రంథాలయం చూసినాము, తెల్లగా అందంగా ఉంది. కానీ నేను ఎక్కువగా అవ్వలిద్దరి పక్కనే కూర్చున్నాను, వినడానికి. పెద్దవ్వ తెలుగు మన తెలుగే, కానీ మాటకు మాట వెతుక్కుంటా మాట్లాడింది. తాత పోయి 11 ఏండ్లంట. కొడుకులకు కొంచెం అర్థమవుతుంది, మనవళ్ళకు తమిళం, సింహళం మాత్రమే. "మరి తెలుగు ఎవరితో మాట్లాడతావు పెద్దవ్వా?" అని అడిగినాను.

"మా ఆవుతో" అనింది.

మేమందరం నవ్వినాము. పెద్దవ్వ నవ్వలేదు. "దానికి తమిళంలో చెప్తే లేవదు. లెయ్యే అంటేనే లేస్తాది" అనింది. అప్పుడు అవ్వ కూడా నవ్వడం ఆపింది.

నేను తెలుగు బడిలో చదువుతానని చెప్తే పెద్దవ్వకు ఆశ్చర్యం. తోట బడిలో తమిళం ఒక్కటే నేర్పినారు, తెలుగుకు రాత ఉందని విన్నదే గాని చూడలేదంట. ఓడ టికెట్టు వెనక ఆమె పేరు రాసి ఇచ్చినాను. చానాసేపు చూసి, "అన్నీ గుండ్రంగా ఉండాయే, జిలేబి మాదిరి" అని రవికలో పెట్టుకుంది. నిజం చెప్పాలంటే, తెలుగు పరీక్షకు వత్తులు తప్పు రాసి మార్కులు పోగొట్టుకునే నాకు ఆ పొద్దు సిగ్గేసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఓడలో అవ్వ నిద్రపోయింది. ఒళ్ళో రెండు కిలోల టీ పొడి.

ఇప్పుడు పెద్దవ్వ మనవరాలు, నా వయసుదే, నా దగ్గర ఫోన్లో తెలుగు నేర్చుకుంటుంది. రోజూ పొద్దున అవ్వకు వాయిస్ మెసేజ్ పెడుతుంది: "అవ్వా, కూడు తింటివా?" ఇంతవరకు ఆ ఒక్క వాక్యమే వచ్చింది. పొద్దున ఆరు గంటలకు కూడు ఎవరు తింటారని అవ్వ విసుక్కుంటుంది. విసుక్కుంటానే, తినినాను అని జవాబు పెట్టమంటుంది.