విండ్సరు కోటలో రాణి పటములు

2013వ సంవత్సరము మే నెలలో మేము మా మేనత్తగారితో గూడ లండను వాటర్లూ స్టేషనులో రైలెక్కి విండ్సరు కోటను జూడబోయితిమి. అప్పుడచ్చట ఎలిజబెత్తు రాణి రూపచిత్రముల ప్రదర్శనము జరుగుచుండెను. అందు అమెరికా చిత్రకారుడగు ఆండీ వార్హోలు 1985లో ముద్రించిన నాలుగు పటములుండెను. రాజకుటుంబపు కళాసంగ్రహమువారు వీనిని 2012లో గొనిరి.

నాలుగింటను ముఖమొక్కటియే, కిరీటమును, కంఠహారమును, చిఱునగవును ఒక్కటియే. రంగులు మాత్రము వేఱు. ఒక్కొక్క పటము 100 సెంటీమీటర్ల యెత్తును, 80 సెంటీమీటర్ల వెడల్పును గలది. రాణిని ఎదుట గూర్చుండబెట్టి వ్రాసినవి గావివి. 1975లో ఆ కోటయందే పీటరు గ్రూజను తీసిన ఛాయాచిత్రమే వీనికి మూలము.

అంగడి సరకులను, పత్రికలలోని ప్రసిద్ధుల ముఖములను చిత్రములుగ జేయు ఈ పద్ధతికి పాప్ కళయని పేరు. 1962లో సూపుడబ్బాలను వ్రాసి పేరొందిన వార్హోలు తరువాత రాణులను ముద్రించెను. రంగు రంగునకు వేఱొక తెరను బెట్టి, దానిగుండ సిరాను కాగితముపైకి నొత్తుదురు. బందరు అద్దకమున రంగునకొక అచ్చు వాడుట నెఱిగిన సోదరీమణులకు ఇది సులభముగ బోధపడును. పటములపై తళుకు గలదు. దానికి వజ్రధూళి యని పేరేగాని, అది గాజుపొడి.

మేనత్తగారు చాలసేపు చూచి, “ఇన్నేండ్లు ఏలిన తల్లి మొగమున ఒక్క ముడుతయైన లేదేమమ్మా?” యనిరి. నిజమే. ఛాయాచిత్రము తీసిననాటికి రాణికి 48 ఏండ్లు. మేము పటములను జూచునాటికి 87.

అదే ప్రదర్శనమున లూషియన్ ఫ్రాయిడు 2001లో ముగించిన చిన్నపటమును గలదు. జానెడే యెత్తు. దీనికొఱకు రాణి పలుమారులు ఆయన యెదుట గూర్చుండెను. ఇందు ముడుతలున్నవి, అలసటయు నున్నది. అత్తగారు దానికడనే నిలిచిపోయి, “ఈమె పనిచేసిన మనిషి” యనిరి.

వార్హోలు ఈ వరుసకు ‘రాజ్యమేలు రాణులు’ అని పేరిడెను. మొత్తము 16 పటములు. నలుగురు రాణులకు నాలుగేసి. విండ్సరున మేము చూచినవి ఎలిజబెత్తువి మాత్రమే. తక్కినవారు హాలెండు రాణి బెయాట్రిక్సు, డెన్మార్కు రాణి మార్గ్రెతె, స్వాజిలాండు రాణి న్తొంబి. న్తొంబి తన భర్తయగు రాజు 1982లో మరణింపగా, 1983 మొదలు 1986 వఱకు మైనరు కుమారుని పక్షమున రాజ్యము నడపి, అతనికి 18 ఏండ్లు రాగానే అప్పగించెను. మేము విండ్సరు వెళ్లుటకు కొలది దినములకు ముందే, 2013 ఏప్రిలు 30న, బెయాట్రిక్సు సింహాసనమును వీడెను. 2022లో ఎలిజబెత్తు మరణించెను. 2024లో మార్గ్రెతె పదవిని విడిచెను. నలుగురి తరువాతను రాజ్యమునకు వచ్చినవారు కుమారులే.

నేడు ఆ నలుగురిలో నొక్కరును రాజ్యమేలుటలేదు. పటముల పేరుమాత్రము మాఱలేదు. ఇట్టి ప్రదర్శనమును జూడబోవు సోదరీమణులు పెద్దపటముల తళుకునొద్దనే కాలమంతయు గడపక, మూలనున్న జానెడు పటమునుగూడ నిదానముగ జూడవలెనని మా మనవి.